పిల్లల ఉత్తుత్తి ఆటలు – అమ్మానాన్నల పాత్ర



మా ఆరోగ్య పాఠాలలో విరేచనాల గురించి, రక్తహీనత గురించి, టీకాల గురించి చదివే ఉంటారు. ఈ పాఠం ఆట గురించి. "ఆసుపత్రి పుస్తకంలో ఆటల గొడవ ఏమిటి సిస్టర్ గారూ?" అని మీరు అడగవచ్చు. బిడ్డ అన్నం తింటోందా, నిద్రపోతోందా, మూత్రం సరిగా వస్తోందా అని ఎలా అడుగుతామో, ఆడుకుంటోందా అని కూడా మేము అలాగే అడుగుతాం. జ్వరం దిగిన బిడ్డ మంచం మీద లేచి కూర్చుని మందుసీసా మూతతో ఏదో వండడం మొదలుపెడితే, చార్టు చూడకుండానే ఆ బిడ్డ తేరుకుంటోందని తెలిసిపోతుంది.

ఆటలు చాలా రకాలు. పరుగులు, బంతి, దాగుడుమూతలు అందరికీ తెలిసినవే. ఇక్కడ చెప్పబోయేది వాటి గురించి కాదు. ఒక వస్తువును ఇంకొక వస్తువు అనుకుని, తనను ఇంకొకరు అనుకుని బిడ్డ ఆడే ఆట గురించి. మన పెద్దవాళ్లు గుజ్జనగూళ్లు అన్నారు, బువ్వాలాట అన్నారు. బొమ్మల పెళ్లి, బడి ఆట, బస్సాట, డాక్టరాట అన్నీ ఈ కోవలోవే. ఇసుక అన్నం అవుతుంది, వేపాకు కూర అవుతుంది, కొబ్బరి చిప్ప గిన్నె అవుతుంది. పిల్లల మాటలో ఇవన్నీ "ఉత్తుత్తి" ఆటలు.

ఏ వయసులో ఏమి ఆడతారు?

ఏడాది దాటి ఏడాదిన్నర లోపు బిడ్డ ఖాళీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని తాగినట్టు చేస్తుంది. సబ్బుపెట్టె చెవి దగ్గర పెట్టుకుని "అలో" అంటుంది. రెండేళ్లకు తాను తాగడమే కాక బొమ్మకూ తాగిస్తుంది, జోకొట్టి పడుకోబెడుతుంది. రెండున్నర ఏళ్లకు చెక్క ముక్కనే ఇడ్లీ అని బొమ్మ నోట్లో పెట్టగలదు. మూడు, నాలుగేళ్లకు తానే కండక్టరు, తానే టీచరు, తానే అమ్మ. అయిదేళ్లు వచ్చేసరికి నలుగురు పిల్లలు కలిసి "నువ్వు పెళ్లికొడుకు, నువ్వు బాజా, నువ్వు వంటమనిషి" అని పంచుకుని గంటసేపు ఒకే కథ నడిపిస్తారు. ఒక నెల అటూ ఇటూ అయితే కంగారు పడవద్దు.

రష్యా దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ 1933లో పిల్లల ఆట మీద ఇచ్చిన ఉపన్యాసంలో కర్రను గుర్రంగా చేసుకున్న పిల్లవాడి సంగతి చెప్పాడు. చేతిలో ఉన్నది కర్రేనని వాడికి బాగా తెలుసు. తెలిసి కూడా "గుర్రం" అనే అర్థాన్ని తీసి కర్ర మీద పెడుతున్నాడు. రేపు బడిలో పలక మీద గీసిన గీత "అ" అనే శబ్దానికి గుర్తు అని ఒప్పుకోవడానికి కావలసినది కూడా ఈ శక్తే. అందుచేత "ఆటలు మాని అక్షరాలు దిద్దు" అని మూడేళ్ల బిడ్డను కసిరే తల్లిదండ్రులు, అక్షరాల కోసం జరుగుతున్న తయారీనే ఆపేస్తున్నారని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఉత్తుత్తి ఆటవల్ల తెలివి ఇంత పెరుగుతుంది, ర్యాంకు వస్తుంది అని బొమ్మల కంపెనీల ప్రకటనలు చెప్పినట్టు మేము చెప్పం. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలన్నీ 2013లో అమెరికాలో లిల్లార్డ్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు కలిసి పరిశీలించారు. అలాంటి గట్టి రుజువు ఇంకా లేదని తేల్చారు. అయితే పెద్దవాళ్లు బిడ్డతో కూర్చుని ఆడడం వల్ల మేలు ఉందనడానికి మంచి ఆధారం వేరే ఉంది. జమైకా దేశంలో 1986–87లో వయసుకు తగిన పొడవు పెరగని పసిపిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి, ఒక గంటసేపు వెళ్లారు. ఇంట్లో చేసిన బొమ్మలతో బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. రెండేళ్లు అలా చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ ఇళ్లలో పెరిగినవారి సంపాదన, అలా వెళ్లని ఇళ్లవారి కంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది. అందులో అన్ని రకాల ఆటలూ ఉన్నాయి. ఖరీదైన బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు. తల్లి సమయమే ఉంది.

మన ముందుతరం వాళ్లు ఆడారా?

"మా అమ్మ మాతో కూర్చుని ఎప్పుడు ఆడింది? మేము పెరగలేదా?" అని నాయనమ్మలు అంటారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. 1993లో అచ్చయిన ఒక పరిశోధనలో నాలుగు దేశాల కుటుంబాలను చూశారు. వాటిలో మన దేశం నుంచి రాజస్థాన్‌లోని ఢోల్‌కీపట్టీ అనే గిరిజన గ్రామం ఉంది. అమెరికా పట్నంలో తల్లులు బిడ్డతో కూర్చుని ఆడడం తమ పని అనుకుంటారు. ఢోల్‌కీపట్టీలో అది పెద్దవాళ్ల పని కాదు. పసివాళ్లు తోటి పిల్లలతో, అక్కలతో అన్నలతో ఆడతారు. వాళ్ల తల్లులకు ప్రేమ లేక కాదు, వాకిట్లో పిల్లలు ఉన్నారు కనుక.

మన కృష్ణా జిల్లా పల్లెల్లో కూడా నిన్నమొన్నటి దాకా అంతే. ఒక అరుగు మీద పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు, పక్కింటి పిల్లలు కలిపి పదిమంది. పెద్దపిల్ల అమ్మ, మిగతావాళ్లు పిల్లలు. ఇప్పుడు ఆ అరుగు మీద ఎవరున్నారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఒక్క బిడ్డ చాలనుకున్న ఇళ్లు ఎన్నో. నాయనమ్మ ఊళ్లో, తల్లిదండ్రులు విజయవాడలో రెండు గదుల వాటాలో. బిడ్డకు తోడు దొరికేది ఇద్దరే: అమ్మానాన్నలు, లేదా సెల్‌ఫోను. మనం కూర్చోకపోతే ఆ చోటులో ఫోను కూర్చుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదేమంటే, రెండేళ్ల లోపు బిడ్డకు ఫోను, టీవీ చూపించడం అసలు మంచిది కాదు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు ఒక గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మేలు. అన్నం తినిపించడానికి ఫోను పెట్టే తల్లులు ఈ లెక్క ఒకసారి వేసుకుని చూడండి.

ఆటలో ఎలా చేరాలి?

బిడ్డ ఒక మూతలో గాలి పోసి తెచ్చి "కాఫీ" అని ఇచ్చిందనుకోండి. చాలా ఇళ్లలో జరిగేది ఇది:

"ఇదేం రంగు మూత?"
"ఎరుపు."
"ఇంగ్లీషులో చెప్పు. ఎన్ని మూతలున్నాయి? లెక్కపెట్టు. మూడు తర్వాత ఏమిటి?"

బిడ్డ మూత అక్కడ పడేసి వెళ్లిపోతుంది. కాఫీ ఇవ్వడానికి వస్తే పరీక్ష పెట్టారు మరి! 1990లో తల్లుల ఆట మీద జరిగిన ఒక పరిశోధనలోనూ ఇదే కనిపించింది. తల్లీబిడ్డా వంతులవారీగా ఆడినప్పుడు ఉత్తుత్తి ఆట పెరిగింది. తల్లి ప్రశ్నలు వేస్తూ, మధ్యలో దూరి తన దారికి లాగుతూ ఉంటే తగ్గింది.

ఇదే ఇంకోలా:

"అబ్బ, కాలుతోంది! ఊదనీ. చక్కెర వేశావా?"
"మర్చిపోయా. ఉండు." (పరుగెత్తి వెళ్లి వచ్చి) "వేశా."
"ఇప్పుడు బాగుంది. తాతయ్యకు షుగరు కదా, ఆయనకెలా?"
"తాతయ్యకి వద్దు చక్కెర. ఉప్పు వేస్తా."

ఇక్కడ తల్లి చేసింది ఏమిటో గమనించండి. బిడ్డ ఇచ్చిన కాఫీని కాఫీగానే తీసుకుంది. ఆటకు ఒక్క చిన్న విషయం కలిపింది. ఆ తర్వాత బిడ్డ ఎటు తీసుకువెళితే అటు వెళ్లింది. తాతయ్యకు చక్కెర ఎందుకు వద్దో రెండు నిమిషాల్లో ఆ బిడ్డ ఆలోచించింది. ఉప్పు వేయకూడదని, బి.పి. సంగతని అప్పుడే పాఠం చెప్పవద్దు. కావాలంటే ఉప్పు కాఫీ తాగి మొహం వికారంగా పెట్టండి. బిడ్డ పడీపడీ నవ్వుతుంది.

నేల మీద కూర్చోండి. కుర్చీలో కూర్చుని వంగి చూసేవారితో పిల్లలు ఎక్కువసేపు ఆడరు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మలు మంచం మీదే కూర్చుని, బిడ్డనే మంచం ఎక్కించుకోండి. బిడ్డ ఏ వేషం ఇస్తే ఆ వేషం తీసుకోండి. మిమ్మల్ని కుక్కపిల్లను చేస్తే కుక్కపిల్లే. బడి ఆటలో తాను టీచరై మీ చేతి మీద కొడితే, కొంచెం ఏడవండి. బడిలో ఏమి జరుగుతోందో కూడా అక్కడే తెలుస్తుంది.

రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలూ ఫోను వేరే గదిలో పెట్టండి. మిగతా సమయంలో బిడ్డ ఒంటరిగా ఆడుకుంటూ తనలో తాను మాట్లాడుకుంటుంటే కదపవద్దు. ప్రతి ఆటలోనూ మనం ఉండాలని లేదు. కొందరు తల్లులు ఈ పాఠం విని బిడ్డ వెంటపడి ఆడించబోతారు, అదీ మంచిది కాదు. పిలిచినప్పుడు వెళ్లాలి, "నువ్వు చాలు" అన్నప్పుడు లేవాలి.

"మాకు పని సిస్టర్ గారూ, నాట్లకు పోతాం, మామిడి తోటల్లో కాయ కోతకు పోతాం, కూర్చోవడానికి తీరికెక్కడ?" అనే తల్లులకు చెప్పేది: చేతులకు పని ఉన్నా నోటికి తీరిక ఉంటుంది. అంట్లు తోముతూ "హోటలుగారూ, రెండు ఇడ్లీ పార్సిలు" అనవచ్చు. బియ్యంలో రాళ్లు ఏరుతూ పక్కన బిడ్డకు ఒక చేట ఇవ్వవచ్చు. బట్టలు ఆరేస్తూ "ఈ బస్సు గుడివాడ పోతుందా?" అని అడగవచ్చు. అది కూడా ఆటలో చేరడమే.

నాన్నలకు ఒక మాట

వార్డులో చూస్తుంటాం. తండ్రి మందులు తెస్తాడు, బిల్లు కడతాడు, గుమ్మం దగ్గర నిలబడతాడు. బిడ్డతో ఏం మాట్లాడాలో తోచదు. ఇది జాతీయ రహదారి మీది ఊరు, లారీల మీద వెళ్లే తండ్రులు చాలామంది. వారానికో, పది రోజులకో ఇంటికి వస్తారు. అలాంటి ఒక తండ్రి దగ్గరకు మూడేళ్ల కొడుకు పోనేపోడు, ఎత్తుకుంటే అమ్మ కోసం ఏడుపు. సెలైను పెట్టిన ఆ బాబు మంచం కమ్మీలు పట్టుకుని రోజంతా "డుర్ డుర్" మంటూ లారీ నడిపేవాడు. రెండోరోజు సాయంత్రం ఆ తండ్రి మంచం చివర నిలబడి, ఎవరూ చెప్పకుండానే "రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... ఆపు!" అని అరచేత్తో మంచాన్ని రెండు దెబ్బలు కొట్టాడు. కొడుకు వెనక్కి తిరిగి చూశాడు. ఆ రాత్రి దాకా కొడుకు డ్రైవరు, తండ్రి క్లీనరు. మర్నాడు సెలైను మార్చడానికి వెళితే "క్లీనరు ఏడీ?" అని మమ్మల్ని అడిగాడు. మందుల చీటీతో కిందికి వెళ్లిన నాన్న వచ్చేవరకు లారీ కదలలేదు.

మగపిల్లాడు వంట ఆడితే తిట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. "ఆడంగి ఆటలు" అని చేతిలో గరిటె లాక్కుంటారు. రెండేళ్ల పిల్లవాడు ఇంట్లో చూసేది వంట, అదే ఆడతాడు. పాపాయి బొమ్మను జోకొట్టిన పిల్లవాడికి పోయేదేమీ లేదు. ఆడపిల్ల లారీ నడిపినా అంతే.

సూది భయం

నర్సుగా నాకు ఈ పాఠంలో అన్నిటికంటే కావలసిన భాగం ఇదే.

"అల్లరి చేశావంటే నర్సమ్మ చేత సూది వేయిస్తా." ఈ మాట అనని ఇల్లు ఉందా? బిడ్డ మమ్మల్ని మొదటిసారి చూసేసరికే మేము శిక్ష వేసేవాళ్లమై ఉంటాం. తర్వాత నిజంగా జ్వరం వచ్చి రక్తపరీక్షకు తెస్తే, నలుగురు పట్టుకోవలసి వస్తుంది. పెనుగులాటలో నరం దొరకదు, రెండోసారి గుచ్చాలి. నొప్పి రెండింతలు. ఈ బెదిరింపు ఈరోజే మానేయండి.

దానికి బదులు డాక్టరాట ఆడండి. ప్రభుత్వ టీకాల పట్టికలో పదహారు నెలలు, రెండేళ్ల మధ్య డి.పి.టి. బూస్టరు ఒకటి, అయిదారేళ్ల మధ్య రెండోది ఉన్నాయి. ముఖ్యంగా ఆ అయిదేళ్ల బిడ్డకు అన్నీ అర్థమవుతాయి, అన్నీ గుర్తుంటాయి. టీకాకు రెండు మూడు రోజుల ముందు బొమ్మకు జ్వరం తెప్పించండి. బిడ్డే డాక్టరు. పెన్ను మూత సూది, దారం కట్టిన సీసా మూత స్టెతస్కోపు, తడి దూది. "చేయి చాపమ్మా, తుడుస్తున్నాను, ఇప్పుడు వేస్తున్నాను, అయిపోయింది, నొక్కి పట్టుకో" అని అన్ని మెట్లూ వరుసగా రానివ్వండి. తర్వాత మీరే రోగి అవండి. "డాక్టరుగారూ, నొప్పి పుడుతుందా?" అని అడగండి. బిడ్డ ఏమి జవాబు చెబుతుందో వినండి, తన భయం అందులో ఉంటుంది.

నొప్పి ఉండదని మాత్రం అబద్ధం చెప్పవద్దు. ఆటలో బొమ్మ కూడా "అబ్బా" అనాలి. కొంచెం ఏడ్చి, అమ్మ ఒళ్లో కూర్చుని ఊరుకోవాలి. నిజం సూది రోజున బిడ్డకు ఆ చివరి మెట్టు తెలిసి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకాల నొప్పి గురించి ఇచ్చిన సూచనలూ ఇలాగే ఉన్నాయి. తల్లి గానీ తండ్రి గానీ పక్కన ఉండాలి, పసిబిడ్డను ఒళ్లో పట్టుకోవాలి, చనుపాలు తాగే బిడ్డకు పాలిస్తూ ఉండాలి, మూడేళ్లు దాటినవారిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టాలి, "ఏం నొప్పి ఉండదులే" వంటి మాటలు వాడకూడదు. ఆడించినంత మాత్రాన బిడ్డ అసలు ఏడవకుండా ఉంటుందని అనుకోవద్దు. నూజివీడు వైపు నుంచి వచ్చిన నాలుగేళ్ల పాప రెండు రోజులు తువ్వాలుతో చేసిన బొమ్మకు సూదులు వేసింది. మూడోరోజు తన వంతు వచ్చినప్పుడు ఏడ్చింది కూడా. కానీ ఏడుస్తూనే చేయి తానే చాపింది. ఒక్క గుచ్చుతో పని అయిపోయింది.

వార్డులో వాడిన సిరంజిలు, సెలైను గొట్టాలు ఆటకు అడగవద్దు, చెత్తబుట్టలో నుంచి తీసుకోవద్దు. సూది లేకపోయినా వాటికి రక్తం అంటి ఉండవచ్చు.

ఆటలో బయటపడే సంగతులు

పిల్లలు మనసులో ఉన్నది మాటల్లో చెప్పలేరు, ఆడి చూపిస్తారు. కరోనా వచ్చిన 2020, 2021 సంవత్సరాలలో బొమ్మలకు గుడ్డముక్కలతో మాస్కులు కట్టిన పిల్లలను మీరూ చూసి ఉంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగాయి. అలాంటి సమయం గడిపిన పిల్లలు నెలల తరబడి పడవ ఆట, నీళ్ల ఆట, మేడ మీదికి సామాను మోసే ఆట ఆడడం సహజం. తాతయ్య చనిపోయిన ఇంట్లో నాలుగేళ్ల బిడ్డ బొమ్మను పడుకోబెట్టి పూలు వేస్తుంది. పెద్దవాళ్లు "అపశకునం" అని చెయ్యి మీద కొడతారు. కొట్టవద్దు. పక్కన కూర్చుని "తాతయ్యా ఇక్కడ? ఎవరెవరు వచ్చారు?" అని మెల్లగా అడగండి. బిడ్డ ఏమి చూసిందో, ఏమి తప్పుగా అర్థం చేసుకుందో తెలుస్తుంది. "నేను అల్లరి చేసినందుకే తాతయ్య పోయాడు" అనుకునే పిల్లలున్నారు. ఆ మాట ఆటలో వస్తేనే మనం సరిదిద్దగలం.

అదే ఆట మార్పు లేకుండా వారాల తరబడి సాగుతుంటే, ఆడిన తర్వాత బిడ్డ తేలికపడకుండా ఇంకా భయపడుతుంటే, రాత్రి ఉలిక్కిపడి లేస్తుంటే, పక్క తడుపుతుంటే డాక్టరుగారికి చూపించండి. నాన్న బొమ్మ తాగి వచ్చి అమ్మ బొమ్మను కొట్టే ఆట బిడ్డ ఆడుతుంటే, మందలించవలసింది బిడ్డను కాదు. ఆ ఇంట్లోని పెద్దలు మాతోనో, డాక్టరుగారితోనో విడిగా మాట్లాడండి. మీరు చెప్పినది వార్డులో చాటింపు వేయం. తనకు తెలియరాని శరీర విషయాలు, పెద్దల చేష్టలు బిడ్డ ఆటలో కనిపిస్తే ఆలస్యం చేయవద్దు, బిడ్డను కసరవద్దు, ఎవరు చూపించారని పదేపదే నిలదీయవద్దు. వెంటనే తీసుకురండి. పిల్లల సహాయం కోసం 1098 నంబరు కూడా ఉంది.

ఆట వంట – అసలు విషం

ఉత్తుత్తి వంటలో ఉత్తుత్తి కాని ప్రమాదాలున్నాయి. పిల్లలు కూర వండేది పెరట్లో దొరికే ఆకులతో, కాయలతో. పచ్చగన్నేరు కాయ గుండె మీద పనిచేసే విషం. ఆముదం గింజ, అడవి ఆముదం గింజ, ఉమ్మెత్తకాయ, ఎర్రగా ముద్దుగా కనిపించే గురివింద గింజ, ఇవన్నీ నమిలితే ప్రమాదం. తీసుకుని కాలువలో పారేయడమే కాదు, "ఇవి ఆట వంటలోకి కూడా రావు" అని ఆటలోనే చెప్పండి. "వంటమ్మగారూ, ఆ కాయ మా హోటల్లో నిషేధం" అంటే నాలుగేళ్ల బిడ్డ బాగా గుర్తుపెట్టుకుంటుంది. చిన్నవాళ్లకు ఆ జ్ఞాపకం మీద ఆధారపడకండి, చెట్టు కిందనే కాయలు ఏరేయండి.

మన డెల్టాలో ఇంకొకటి ఉంది. పొలం నుంచి తెచ్చిన పురుగుమందు డబ్బా ఖాళీ అయ్యాక దాని మూత పిల్లల చేతికి వస్తుంది. కాఫీ కప్పుకు అది సరిగ్గా సరిపోతుంది! కడిగినా ఆ మూత వాడవద్దు. కిరోసిను, ఫినాయిలు మంచినీళ్ల సీసాల్లో పోసి ఉంచవద్దు. బిడ్డ ఏదైనా మింగిందని అనుమానం వస్తే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. కిరోసిను తాగిన బిడ్డకు వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో మిగిలినది తీసేసి, ఆ గింజనో డబ్బానో చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి రండి, లేదా 108కి ఫోను చేయండి.

మూడేళ్ల లోపు పిల్లల దగ్గర చింతపిక్కలు, శనగలు, రూపాయి బిళ్లలు, చిన్న పూసలు "డబ్బులు", "పప్పు" అని ఇవ్వవద్దు. గొంతులో అడ్డం పడతాయి. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి బిళ్ల బ్యాటరీ ఇంకా చెడ్డది. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు. రాత్రైనా సరే, తెల్లవారేదాకా ఆగవద్దు. చేపల చెరువు, కాలువ, నీళ్ల తొట్టి పక్కన "చాకిరేవు" ఆట పెద్దవాళ్లు చేతికందే దూరంలో లేకుండా ఆడనివ్వవద్దు.

బొమ్మలు కొనాలంటే 2021 జనవరి నుంచి బొమ్మల మీద ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి, అది చూసి కొనండి. చేతివృత్తుల వారి బొమ్మలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ఏటికొప్పాక లక్కపిడతలు సహజ రంగులతో చేసినవి దొరికితే గుజ్జనగూళ్లకు వాటిని మించినవి లేవు. మన కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేసినవి, తేలికగా, చాలా అందంగా ఉంటాయి. కానీ అవి సంక్రాంతి కొలువులో పెట్టుకోవడానికి. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు బిడ్డకు ఏ రంగు వేసిన బొమ్మా ఆలోచించకుండా ఇవ్వవద్దు. అసలు కొనకపోయినా లోటు లేదు. పాత గిన్నె, గరిటె, అట్టపెట్టె, చున్నీ ఉంటే ఇల్లంతా సంసారమే.

అసలు ఆడని బిడ్డ

ఏడాదిన్నరకు ఏ ఉత్తుత్తి ఆటా మొదలు కాకపోతే, అప్పుడు గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా? కావలసినది వేలితో చూపిస్తోందా? మన కళ్లలోకి చూస్తోందా? బొమ్మ కారును నడపకుండా చక్రమే గంటల తరబడి తిప్పుతోందా? ఇలాంటివి కొన్ని కలిసి ఉంటే "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగా వచ్చాయి" అని మూడేళ్లు వచ్చేవరకు ఆగవద్దు. వినికిడి లోపం కావచ్చు, ఆటిజం కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను ఉచితంగా పరీక్షిస్తాయి. అవసరమైతే డి.ఇ.ఐ.సి. అనే జిల్లా కేంద్రానికి పంపుతాయి. మీ అంగన్‌వాడీ టీచరును అడగండి, లేదా మా పిల్లల ఓ.పి.కి తీసుకురండి. ఏ నిర్ధారణ అయినా ఇంటి దగ్గర ఆట మానవద్దు, అలాంటి బిడ్డకు అది మరింత అవసరం. చక్రం తిప్పే బిడ్డ పక్కన మీరూ కూర్చుని ఒక చక్రం తిప్పండి. తర్వాత ఒకసారి మీ చక్రాన్ని బిడ్డ కాలి మీద నడపండి.

వార్డులో చేర్చడానికి వచ్చేటప్పుడు బిడ్డ రోజూ పక్కన పెట్టుకుని పడుకునే బొమ్మను, అది ఎంత పాతదైనా, ఉతికి ఆరబెట్టి తెచ్చుకోండి. కొత్తది కొనవద్దు. పేరు ఉంటే మాకు చెప్పండి. బిడ్డ మణికట్టుకు పట్టీ వేసేటప్పుడు ఆ బొమ్మకూ ఒక చీటీ కడతాం. సెలైను చేతికి ఉన్నా ఆడవచ్చు, ఆ చేయి మాత్రం మడవనివ్వకండి. పక్క మంచం మీది బిడ్డ ఆటలోకి వస్తానంటే, అంటువ్యాధి ఉన్న గదిలో తప్ప, అభ్యంతరం లేదు. సిస్టరును అడిగి కలపండి. రాత్రి ఎనిమిది దాటితే మాత్రం బస్సులు, లారీలు గ్యారేజీలో పెట్టించండి, పక్కవారు నిద్రపోవాలి.